రంగులు వేసే చేతికి మట్టి అలవాటు చేసుకోవడం ఎలా?

మీరు బొమ్మలు వేస్తారు. నీళ్ల రంగుల్లోనో యాక్రిలిక్‌లోనో ఒక ముఖాన్నో కొండనో కాగితం మీదికి దించడం మీ చేతికి వచ్చు. ఇప్పుడు అదే పనిని మట్టిలో చేసి చూడాలని ఉంది. తిరుపతిలో నాకు తెలిసిన చిత్రకారులు ముగ్గురు నలుగురు ఈ మధ్య ఇదే అడిగారు. వాళ్లకు విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను ఇరవై ఏళ్లుగా కుంచె పట్టినవాణ్ణి, మట్టి పట్టి ఆరేళ్లే అయింది. అందుకే రంగుల వైపు నుంచి వచ్చినవాళ్లకు ఎక్కడ కాలు జారుతుందో అక్కడ ఎక్కువసేపు ఆగి చెబుతాను.

అసలు కష్టం ఒక్కటే. కాగితం మీద నీడను మనం వేస్తాం. ముక్కు పక్కన కాస్త ముదురు రంగు పెడితే ముక్కు లేచి నిలబడుతుంది. మట్టిలో నీడ వేసేది వెలుతురు. గుంట తవ్వడం, గట్టు లేపడం వరకే మన పని. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, చేతికి ఎక్కడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాది మీకు కొంతైనా తగ్గాలని కింది మెట్లను ఈ వరుసలో పెట్టాను. మధ్యలో దేన్నీ దాటేయకండి, ముఖ్యంగా మామిడికాయను.

మట్టి ఎక్కడ తెచ్చుకోవాలి

మొదటిసారి చెరువులో మీరే తవ్వుకోకండి, కుమ్మరి దగ్గర కొనండి. చిత్తూరు దాటి బెంగళూరు రోడ్డులో వెళ్తే వచ్చే పలమనేరు టెర్రకోట, అంటే కాల్చిన మట్టి బొమ్మల పనికి పేరున్న ఊరు. అంత దూరం వెళ్లలేకపోతే మీకు దగ్గర్లో కుండలు చేసేవాళ్లను అడగండి. ఎండాకాలంలో చెరువులు ఎండినప్పుడు వాళ్లు బంకమట్టి తవ్వి నిల్వ పెట్టుకుంటారు. పది కిలోలు చాలు. ఈ వ్యాసంలో చెప్పే మూడు పనులకూ సరిపోయి ఇంకా మిగులుతుంది.

చేలో ఉండే ఎర్రమట్టిలో ఇసుక ఎక్కువ, చేతిలో నిలవదు. చవితి బొమ్మల కోసం కలిపిన మట్టిలో ఊక, పీచు ఉండొచ్చు. చేయి తిప్పుకోవడానికి అది పనికొస్తుంది. కాల్చే బొమ్మకు మాత్రం ఏం కలిపారో అడిగి తెలుసుకోకుండా వాడొద్దు. దుకాణాల్లో దొరికే నూనె మట్టి ఎన్నాళ్లున్నా ఆరదు, దాన్ని కాల్చలేం.

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. ఒక ఉండ తీసుకుని పెన్సిలంత లావు కడ్డీగా చుట్టి, చూపుడువేలికి ఉంగరంలా తిప్పండి. పగుళ్లు రాకుండా తిరిగితే మంచి మట్టి. సన్నగా గీతలు పడితే ఇంకాస్త నానబెట్టాలి. ముక్కలుగా విరిగితే వదిలేయండి. ఇంకో పరీక్ష సున్నం కోసం. ఎండిన మట్టి పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుస్సుమని నురగ వస్తే అందులో సున్నపు గుల్లలు ఉన్నట్టు. అలాంటి మట్టితో చేసిన బొమ్మ కాలినప్పుడు బాగానే ఉంటుంది. ఆ తర్వాత లోపలి సున్నం గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, నెల తిరిగేసరికి బుగ్గ మీద చిన్న పెచ్చు ఎగిరిపోతుంది.

మట్టిని సిద్ధం చేయడం

మట్టిని పూర్తిగా ఎండబెట్టి, గోళీకాయలంత ముక్కలు చేసి, నీళ్లున్న బకెట్లో వేయండి. కలపొద్దు. ఎండిన ముక్క నీళ్లు పీల్చుకుని తనంతట తానే విరిగి కరిగిపోతుంది. సగం తడిగా ఉన్న ముక్క మాత్రం రోజులు గడిచినా గడ్డగానే ఉండిపోతుంది, కాబట్టి తొందరపడి తడిమట్టిని నానేయకండి. రెండు రోజులయ్యాక చేత్తో కలిపి, దోమతెర గుడ్డలో వడకట్టండి. రాళ్లు, వేర్లు పైన ఆగిపోతాయి. ఇంకో రోజు కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచేసి, చిక్కటి మట్టిని పాత లుంగీ మీద పోసి మేడ మీద ఆరనివ్వండి. ఏప్రిల్లో తిరుపతి ఎండకు ఒక పూట చాలు, గంటకోసారి వెళ్లి చూడకపోతే గట్టిపడిపోతుంది. నవంబరు ముసురులో అయితే నాలుగైదు రోజులు పడుతుంది.

ఇప్పుడు పెంకుల పొడి కలపాలి. పగిలిన కుండ పెంకుల్ని దంచి, బొంబాయి రవ్వంత సైజులో జల్లించండి. దంచేటప్పుడు నీళ్లు చిలకరించి, మూతికి గుడ్డ కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చేటు చేస్తుంది. ఐదు కిలోల మట్టికి అర కిలో నుంచి ముప్పావు కిలో పొడి సరిపోతుంది. ఇది ఒకసారి కాలిన మట్టి కాబట్టి మళ్లీ కుంచించుకుపోదు, బొమ్మ మొత్తం మీద కుంచించుకోవడం తగ్గుతుంది. కాల్చేటప్పుడు లోపలి ఆవిరి బయటికి రావడానికి సందులూ ఉంటాయి.

తర్వాత పిసకడం. చపాతీ పిండిలా మడతలు పెట్టకండి, మడతలో గాలి చిక్కుకుంటుంది. అరచేతి మడమతో ముందుకు నొక్కి, కాస్త తిప్పి, మళ్లీ నొక్కండి. యాభై అరవై సార్లు. నైలాన్ దారంతో ముద్దను రెండుగా కోసి చూస్తే, కోసిన ముఖం మీద చిల్లులు కనబడకూడదు. తడి గోనెపట్టాలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టి, కనీసం వారం పక్కన పెట్టండి. కాస్త వాసన వేస్తుంది, అది మంచి గుర్తే.

ఈ వారంలో ఒక చిన్న పని చేయండి. వేలంత మందం పట్టీ చేసి, దాని మీద స్కేలుతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టండి. ఆరాక కొలవండి, కాల్చాక మళ్లీ కొలవండి. ఆ గీత 9 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. మట్టిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. 20 సెంటీమీటర్ల తల కావాలంటే ఎంత పెద్దది చేయాలో ఆ పట్టీయే చెబుతుంది. కాగితం మీద గీసింది గీసినంతే ఉండటం మనకు అలవాటు. అందుకే చిత్రకారులు ఈ లెక్క మర్చిపోతారు.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. చీల్చి నున్నగా చేసిన వెదురు పుల్లలు రెండు, సైకిల్ చువ్వను వంచి కర్రకు కట్టిన గోకుడు తీగ, పాత టూత్‌బ్రష్, చపాతీ కర్ర, దువ్వెన ముక్క, నీళ్లు చిమ్మే సీసా. ఒక్కటి మాత్రం డబ్బు పెట్టి కొనండి, చేత్తో తిరిగే చిన్న పీట. బొమ్మ తిరక్కపోతే మీరు తిరగాలి. మీరు తిరగరు. కాన్వాస్ ముందు కూర్చున్నట్టే ఒకవైపు కూర్చుండిపోతారు.

మామిడికాయ

మొదటి వారమంతా ఒక బెంగళూరా మామిడికాయ చేయండి. చిత్తూరు జిల్లాలో దొరకని ఇల్లుండదు, తోతాపురి అని కూడా అంటారు కదా, అదే. గుండ్రటి కాయ వద్దు. బెంగళూరాకు కింద చిలకముక్కులా మొన ఉంటుంది, ఒకవైపు పొట్ట, మరోవైపు లోపలికి నొక్కుకున్న వంపు. మీరు ఎన్నోసార్లు వేసే ఉంటారు. దాని వెనకవైపు మాత్రం ఎప్పుడూ చూసి ఉండరు.

ముందు కాయను బల్ల మీద పెట్టి ఎనిమిది స్కెచ్‌లు వేయండి. ఒక్కో స్కెచ్‌కు కాయను కాస్త తిప్పాలి, ఎనిమిదింటికి ఒక చుట్టు పూర్తవ్వాలి. అంచు గీత మాత్రమే, నీడలు వద్దు. తర్వాత పైనుంచి ఒకటి, తొడిమ వైపు నుంచి ఒకటి. మట్టి పనికి మనం తీసుకొచ్చే అసలు పెట్టుబడి ఈ గీతే. కుమ్మరి చేతికి మట్టి తెలుసు, మన చేతికి అంచు తెలుసు.

ఇప్పుడు గుప్పెడు మట్టితో కాయ చేయండి. ప్రతి ఐదు నిమిషాలకూ పీటను ఎనిమిదో వంతు తిప్పి, ఆ వైపు స్కెచ్‌తో అంచును పోల్చండి. ఎక్కువైన చోట గోకండి, తక్కువైన చోట చిన్న ముద్ద అద్దండి. ఒక వైపు అంచు సరిచేస్తే రెండు తిప్పుల అవతల ఇంకో అంచు చెడుతుంది. విసుగొస్తుంది. ఆ విసుగులోనే నేర్చుకునేది ఉంది, ఎందుకంటే మీ చెయ్యి మొదటిసారి కాయ చుట్టూ తిరుగుతోంది.

నేను మొదటి కాయ చేసి పలమనేరు వైపు ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. కుండలు చేసి చేసి వేళ్లు అరిగిపోయిన మనిషి. కాయను అందుకుని చూడనైనా చూడలేదు. కళ్లు మూసుకుని రెండు అరచేతుల మధ్య దొర్లించాడు. “ఈ పక్క కాయి ఉండాది నాయనా, ఆ పక్క పలక ఉండాది” అన్నాడు. నిజమే. ముందువైపు పొట్ట నిండుగా ఉంది. వెనకవైపు నేను వేలితో చదును చేసి వదిలేశాను. అప్పటి నుంచి నా పనిని ముందు చేతులతోనే చూస్తాను. మీరూ కాయ పూర్తయ్యాక కళ్లు మూసుకుని తడమండి. తర్వాత గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను కాయకు పక్కగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. మీరు వేయని నీడ కాయ మీద నడుస్తుంది. చెయ్యి వణికిన చోటల్లా ఆ నీడ అంచూ వణుకుతుంది. అక్కడ సరిచేయండి.

ఇలాంటి కాయలు మూడు చేయండి. మొదటి రెండూ బకెట్లోకి పోవాలి.

ఉబ్బెత్తు పలక

రెండో మెట్టు పలక మీద ఉబ్బెత్తుగా చేసే బొమ్మ. చిత్రానికీ శిల్పానికీ మధ్య ఉండే గడప ఇది. ముందువైపు నుంచే చూస్తాం కాబట్టి మనకు చనువుగా ఉంటుంది.

బల్ల మీద తడి గుడ్డ పరిచి, అటూ ఇటూ ఒకే మందం ఉన్న చెక్క పట్టీలు పెట్టి, మధ్యలో మట్టి ఉంచి చపాతీ కర్రతో పాముకుంటూ పోండి. కర్ర పట్టీల మీద ఆనితే పలక మందం అంతటా ఒకేలా వస్తుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, ఎ4 కాగితమంత పలక చాలు.

దాని మీద ఏం వేయాలి? కపిలతీర్థం వైపు నుంచి కనిపించే కొండ వేయండి. ముందు చెట్లు, వాటి వెనక వాలు, ఆపైన నిటారుగా నిలిచే రాతి అంచు. మూడు దూరాలు ఉన్నాయి. రంగుల్లో అయితే దూరం పోయేకొద్దీ లేత నీలం చేస్తాం. మట్టిలో లేతరంగు లేదు. దాని బదులు ఎత్తు తగ్గించాలి. ముందు చెట్లు పలక మీద ఒక సెంటీమీటర్ లేవాలి, మధ్య వాలు అందులో సగం, రాతి అంచు రెండు మూడు మిల్లీమీటర్లు. ఆకాశాన్ని ముట్టుకోవద్దు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. పుల్లతో గీతలు గీసేస్తారు. గీత గీస్తే బొమ్మ పలక మీద అతికించిన కాగితంలా కనిపిస్తుంది. రెండు వస్తువుల మధ్య గీత కావాలంటే ముందున్న వస్తువు అంచును కాస్త కిందికి కోయండి, పెంకు కిందికి వేలు దూర్చినట్టు. అక్కడ పడే నీడే మీ గీత. అంచు నిటారుగా కోస్తే గీత సన్నగా వస్తుంది, లోపలికి కోస్తే లావుగా, నల్లగా వస్తుంది. కలంకారీలో కలం నొక్కిన కొద్దీ గీత మారినట్టే ఇక్కడ కోత లోతును బట్టి మారుతుంది. శ్రీకాళహస్తి వైపు కలంకారీ నేర్చుకున్నవాళ్లు ఈ మెట్టును మిగతావాళ్లకంటే తొందరగా పట్టుకోవడం చూశాను.

పలక పూర్తయ్యాక కిటికీ పక్కన నిలబెట్టి పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఫోటో తీయండి. ఒకే కొండ మూడు కొండలుగా కనిపిస్తుంది. దాన్ని ఎక్కడ తగిలించాలో, వెలుతురు ఏ పక్క నుంచి రావాలో పని మొదలుపెట్టకముందే అనుకోవాలని అప్పుడు తెలుస్తుంది.

ఈ దశలో ఒక ఆదివారం గుడిమల్లం వెళ్లిరండి. తిరుపతి నుంచి ఏర్పేడు వైపు, పెద్ద దూరమేం కాదు. పరశురామేశ్వరుడి గుడిలో ఐదడుగుల లింగం మీద నిలువెత్తు రూపం ఉంటుంది. ఒక చేతిలో వేటాడిన జంతువు, మరో చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి, కాళ్ల కింద మరుగుజ్జు. దేశంలోని అతి పాత శివ రూపాల్లో ఒకటిగా చరిత్రకారులు దీన్ని లెక్కపెడతారు. భక్తితో దండం పెట్టుకున్నాక చిత్రకారుడి కంటితో ఇంకోసారి చూడండి. బొమ్మ ఎక్కడ లింగం నుంచి విడివడుతోంది, ఎక్కడ అందులోకే కలిసిపోతోంది? భుజాలు, తొడలు ముందుకు పొంగుతాయి, నడుము దగ్గర రాయి వెనక్కి తగ్గుతుంది. ఆ చిన్న తేడాలోనే మనిషి ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్కెచ్ పుస్తకం తీయడం కూడా మర్చిపోయి నిలబడిపోయాను.

తల

ఇప్పుడు అసలు పని. నిజం తలంత పెద్దది వద్దు, గడ్డం నుంచి నడినెత్తి దాకా 15 సెంటీమీటర్లు చాలు. మూడు నాలుగు కిలోల మట్టి పడుతుంది.

చెక్క పలక మీద నిలువుగా ఒక కర్ర బిగించండి. దాని కొనకు పాత పేపర్లను ఉండలా చుట్టి, దారంతో గట్టిగా కట్టండి. కోడిగుడ్డు ఆకారంలో, మీ పిడికిలి కంటే కాస్త పెద్దగా. దానిపైన పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడగండి. మట్టి ఈ ఉండ మీద కడతాం. లోపల ఇనుప తీగలు వద్దు. మట్టి ఆరుతూ కుంచించుకుంటుంది, తీగ కుంచించుకోదు. దాంతో బొమ్మ తీగ మీదే చీలిపోతుంది.

మట్టిని చిన్న చిన్న ముద్దలుగా అద్దండి. ప్రతి ముద్దనూ ముందున్న మట్టిలోకి బొటనవేలితో రుద్ది కలపాలి. కళ్లు, ముక్కు ఇప్పుడే వద్దు. రెండు రోజుల వరకు గుడ్డు, మెడ మాత్రమే.

బొమ్మలు వేసేవాళ్లకు ముఖం లెక్కలు తెలుసు. కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగానికి వస్తాయి, కనుబొమ్మకూ ముక్కు కొసకూ మధ్య చెవి వస్తుంది. మనకు తెలియనిది లోతు. పక్క నుంచి చూస్తే తల ముందు నుంచి వెనక్కి ఎంత ఉంటుందో తెలుసా? దాదాపు ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. 15 సెంటీమీటర్ల తలకు 13 దాకా. చెవి మధ్యలో కాదు, మధ్య గీతకు వెనకగా ఉంటుంది. పైనుంచి చూస్తే తల గుండ్రంగా ఉండదు, ముందు ఇరుకు, వెనక వెడల్పు. చిత్రకారులు చేసే మొదటి తలకు వెనక బుర్ర ఉండదు, ముఖానికి తగిలించిన మూతలా ఉంటుంది. నాదీ అలాగే వచ్చింది. ఇంట్లో ఎవర్నైనా కూర్చోబెట్టి, రెండు స్కేళ్ల మధ్య వాళ్ల తలను పక్కనుంచి కొలిచి చూడండి. నమ్మకం అప్పుడు కుదురుతుంది.

అట్టముక్క మీద పక్క ముఖం అంచు గీసి కత్తిరించి పెట్టుకోండి. రోజూ దాన్ని తల మధ్య గీత మీద ఆనించి చూస్తే నుదురు ఎక్కడ ఉబ్బిందో, గడ్డం ఎక్కడ తగ్గిందో వెంటనే దొరుకుతుంది.

గుడ్డు సరిగ్గా వచ్చాక రెండు బొటనవేళ్లతో కళ్ల గుంటలు నొక్కండి. ధైర్యంగా, లోతుగా. ముక్కు ముద్ద, గడ్డం ముద్ద పెట్టండి. ఇంకేం లేకుండానే మూడడుగుల దూరం నుంచి ముఖం కనిపిస్తుంది. ఈ క్షణం నాకు ఇప్పటికీ ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. రంగు లేదు, గీత లేదు, రెండు గుంటలు అంతే.

కన్ను దగ్గర మాత్రం నింపాదిగా ఉండాలి. ముందు గుంటలో గోళీకాయంత మట్టి ఉండ పెట్టండి. ఆ ఉండ మీదుగా సన్నటి మట్టి పట్టీలను రెప్పల్లా కప్పండి. పై రెప్ప కింది రెప్ప కంటే కాస్త ముందుకు రావాలి. పక్కనుంచి చూస్తే వరండా చూరులా ఉండాలి. ఆ చూరు కింద పడే నీడే కంటికి కాటుక. ఇక కనుపాప. ఇక్కడ కుంచె చెయ్యి దురదపెడుతుంది, గుండ్రంగా గీత గీసి లోపల చుక్క పెట్టాలనిపిస్తుంది. అలా చేయకండి. వెదురు పుల్ల కొసతో కనుపాప ఉండే చోట మిరియపు గింజంత గుంట తవ్వండి, ఐతే పైఅంచు దగ్గర ఆవగింజంత మట్టిని తీయకుండా వదిలేయండి. టార్చ్ వేసి చూడండి. గుంట నల్లగా, వదిలేసిన గింజ తెల్లగా మెరుస్తుంది. కాగితం మీద తెల్లరంగు చుక్కతో తెచ్చే మెరుపు మట్టిలో ఇలా వస్తుంది. ఆ గింజను ఎడమకు జరిపితే చూపు మారుతుంది. రెండు కళ్లలో గింజలు ఒకే పక్క ఉండాలి, లేకపోతే మెల్లకన్ను వస్తుంది.

రోజూ పని ఆపేటప్పుడు తడి గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కవర్ తొడగండి. చెవులకు, ముక్కుకు విడిగా చిన్న తడి గుడ్డలు చుట్టండి, సన్నటివి ముందు ఆరిపోయి చీలుతాయి. ఆరిన మట్టి మీద తడిమట్టి అద్దితే రెండు రోజుల్లో ఊడిపోతుంది. అద్దాల్సి వస్తే దువ్వెన ముక్కతో రెండు వైపులా గాట్లు పెట్టి, చిక్కటి మజ్జిగలాంటి మట్టినీళ్లు పూసి, అదిమి పట్టుకోండి.

లోపల బోలు చేయడం, ఆరబెట్టడం

తల పూర్తయ్యాక పైన కప్పిన గుడ్డ, కవర్ తీసి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోరు గుచ్చితే గాటు పడాలి గానీ మట్టి గోటికి అంటకూడదు. అప్పుడు నైలాన్ దారంతో నెత్తి మీద టోపీలా అడ్డంగా కోసి ఆ ముక్కను తీయండి. కోసేముందు రెండు ముక్కల మీదుగా నాలుగు చోట్ల గుర్తు గీతలు పెట్టుకుంటే మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది. పేపర్లకు కట్టిన దారం తెంపి వాటిని లాగేసి, కర్ర నుంచి తలను ఎత్తి, లోపల గోకుడు తీగతో బొటనవేలంత మందం మిగిలేలా తవ్వండి. ముక్కు వెనక, గడ్డం వెనక మట్టి దళసరిగా మిగిలిపోతుంది, అక్కడ వేలు పెట్టి చూసి తవ్వాలి. టోపీని గాట్లు పెట్టి అతికించి, మెడ కింద కన్నం తెరిచే ఉంచండి.

ఆరబెట్టడం నీడలో. పక్కనే ఫ్యాను వద్దు, ఎండ వద్దు. మొదటి వారం పైన వదులుగా కవర్ ఉంచండి. పలకనైతే రెండు చెక్కల మధ్య పేపర్లు పెట్టి, రోజూ తిరగేసి, పేపర్లు మార్చండి. లేకపోతే అప్పడంలా వంకర పోతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి ఆ రోజుల్లో మూడు వారాలైనా పైకి ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగానే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి ఈ పనికి చాలా మంచి నెలలు.

కాల్చడం

నా మొదటి తల ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పేలిపోయింది. పైకి తెల్లగా ఆరింది కదా అని పట్టుకెళ్లి ఆ పలమనేరు పెద్దాయన ఆవంలో పెట్టించాను. లోపల గడ్డం దగ్గర నేను తవ్వకుండా వదిలేసిన దళసరి మట్టిలో తడి ఉండిపోయింది. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. అది బయటపడే దారి లేక తల ముక్కలై, పక్కనున్న ఆయన కుండలు రెండు కూడా పగిలాయి. కుండల డబ్బులు ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. బొమ్మను ఎలా చూసుకోవాలో మాత్రం నేర్పించాడు. “బుగ్గకు ఆనించుకో నాయనా. సల్లగా తగిలిందంటే లోపల తడి ఉండాది. కాల్చబాకు.” తడి ఆవిరవుతున్నంతసేపూ మట్టి చల్లగా ఉంటుంది. పూర్తిగా ఆరింది గది వేడిలోనే ఉంటుంది. నేటికీ ప్రతి బొమ్మనూ బుగ్గకు ఆనించుకున్నాకే బయటికి తీసుకెళ్తాను. లోపల గాలిబుడగ ఉంటే పేలుతుందని చాలామంది అంటారు. పేల్చేది తడి. బుడగ ఉన్నా మట్టి పూర్తిగా ఆరితే ఏమీ కాదు.

ఇంటి దగ్గర కాల్చే ప్రయత్నం వద్దు. కుమ్మరి తన కుండలు కాల్చేటప్పుడు మీ బొమ్మను మధ్య వరసలో పెట్టమని అడగండి, అంచున పెడితే మంట నేరుగా తగులుతుంది. మొదటి గంటలన్నీ పొగ మాత్రమే ఉండాలి, మంట కాదు. వేడి 100 డిగ్రీలు దాటేదాకా ఎంత నిదానమైతే అంత మంచిది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ కుంచించుకుంటుంది. చూడాలన్న ఆత్రంతో ఆవాన్ని వేడి మీద విప్పితే బొమ్మ టప్పున చీలేది అందుకే. మర్నాడు దాకా ఆగండి. కరెంటు బట్టీ దొరికితే టెర్రకోటకు 900 నుంచి 1,000 డిగ్రీలు సరిపోతుంది.

ప్రతిదీ కాల్చాలని కూడా లేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర్లో గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఆ రూపం చెంప నరికే తంతు అయ్యాక ఆ మట్టి కోసం జనం ఎగబడి, చిటికెడు దొరికినా ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు. తిరుమల కథల్లో కురువనంబి అనే కుమ్మరి స్వామికి మట్టిపూలే పెట్టాడు. రాజు వేసిన బంగారు పూల కంటే అవే స్వామికి నచ్చాయని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మీ మొదటి పది బొమ్మలు పచ్చివిగానే ఉండనివ్వండి. చూసుకుని, ఫోటో తీసుకుని, తిరిగి నీళ్లలో వేయండి. మట్టి నీళ్లు సింకులో మాత్రం పోయకండి, పైపు మూసుకుపోతుంది.

రంగు

ఇన్నాళ్లూ ఆపుకున్న చెయ్యి ఇప్పుడు పరుగెత్తుతుంది. రెండు దారులున్నాయి. కాల్చకముందు, గోరు గాటు పడే దశలో జాజును, అంటే ఎర్రరంగు మట్టిని, మట్టినీళ్లలో కలిపి పూసి, నున్నటి గులకరాయితో రుద్దితే కాలాక మెరిసే ఎరుపు వస్తుంది. రెండోది కాల్చాక యాక్రిలిక్ వేయడం. టెర్రకోట నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి మొదటి పూతను మూడు వంతుల నీళ్లతో పల్చగా వేసి, ఆరాక మామూలు రంగు వేయండి.

కానీ రంగుతో నీడ వేయకండి. ముక్కు పక్కన ముదురు రంగు పెడితే వెలుతురు అటు నుంచి వచ్చినప్పుడు అక్కడ వెలుగు ఉండాల్సింది పోయి మీరు వేసిన నీడ కనిపిస్తుంది. ఒకే ముఖం మీద రెండు సూర్యుళ్లు ఉన్నట్టు ఉంటుంది. మన ఊళ్లలో గుడి గోపురాల మీది బొమ్మలు చూడండి. చీర పచ్చ అంటే అంతా ఒకే పచ్చ, ఒళ్లు నీలం అంటే అంతా ఒకే నీలం. నీడల సంగతి ఎండ చూసుకుంటుంది. టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో రాతి పని, సుధ (సున్నపు గార) పనితో పాటు చిత్రలేఖనం, కలంకారీ కూడా ఒకే ప్రాంగణంలో నేర్పిస్తారు. వీలైతే ఒకసారి వెళ్లి విద్యార్థుల పని చూడండి. చెన్నై మెరీనా బీచ్‌లో బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికుల విగ్రహం మీరు చూసే ఉంటారు, 1959లో పెట్టారు. అది చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మంచి చిత్రకారుడు కూడా. ఆ వీపుల మీద ఎండ చేసే పనిని గమనించండి.

తలకు రంగు వేస్తుంటే చివరికి కళ్ల దగ్గరికి వస్తారు. నలుపులో ముంచిన సన్న కుంచె చేతిలో ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి, తలను కిటికీ పక్కకు తీసుకెళ్లి, పీట మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. మీరు తవ్విన గుంటలో నలుపు ఉందో లేదో చూడండి. ఉంటే కుంచెను నీళ్లలో కడిగేయండి.